జన్యువు లేని చోట గుండెపోటు ముప్పు: ధమనుల వ్యాధిలో పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు

"పొగ తాగే అలవాటు లేదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ కూడా మరీ ఎక్కువేం లేదు. అయినా యాభై ఏళ్లకే గుండెపోటు ఎందుకొచ్చింది?" గుండె వార్డు బయట నిలబడ్డ కుటుంబాలు వైద్యులను తరచూ అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే మరో ప్రశ్న వస్తుంది. "వాళ్ల నాన్నకూ ఇలాగే వచ్చింది. మరి పిల్లల సంగతేమిటి?"

మన దేశంలో ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వినిపిస్తుంది. 2016లో భారతదేశంలో సంభవించిన మొత్తం మరణాల్లో 28.1 శాతానికి గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని రాష్ట్రాలవారీగా జరిగిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. 1990లో ఆ వాటా 15.2 శాతమే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు దక్షిణాసియా దేశాల్లో 53 ఏళ్లు, మిగతా దేశాల్లో దాదాపు 59 ఏళ్లు.

పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలో కొవ్వుల తేడా, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలతోనే గుండెపోటు ముప్పులో చాలా భాగాన్ని వివరించవచ్చని కూడా ఇంటర్‌హార్ట్ చూపింది. వంశపారంపర్యంగా వచ్చే ముప్పులో కొంత ఈ దారుల గుండానే పనిచేస్తుంది. తండ్రి నుంచి బిడ్డకు అధిక కొలెస్ట్రాల్ స్వభావం రావచ్చు, రక్తపోటు స్వభావం రావచ్చు. అయితే ఈ దారులేవీ పట్టని వంశపారంపర్య ముప్పు కూడా ఒకటుంది. అది కొలెస్ట్రాల్‌ను పెంచదు, రక్తపోటును పెంచదు, చక్కెరనూ పెంచదు. అయినా ధమనులు పూడుకుపోయే అవకాశాన్ని పెంచుతుంది. శాస్త్రవేత్తలు దాని చిరునామాను 2007లో కనుగొన్నారు. తీరా చూస్తే ఆ చోట ప్రోటీన్ తయారుచేసే జన్యువు ఒక్కటీ లేదు. దానికి బదులు అక్కడ కనిపించింది పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ.

పూడిక గోడ లోపల పుడుతుంది

ధమని పూడుకుపోవడం అనగానే కాలువలో ఒండ్రు పేరుకోవడం గుర్తొస్తుంది. ఆ పోలిక పూర్తిగా సరైనది కాదు. ఒండ్రు కాలువ అడుగున, పైపైన చేరుతుంది. ధమనిలో పూడిక మాత్రం గోడ లోపల మొదలవుతుంది. సున్నం వేసిన గోడలోకి చెమ్మ దిగి పెచ్చు ఉబ్బినట్టుగా, లోపలి నుంచి పెరిగి రక్తం పారే దారిలోకి పొడుచుకొస్తుంది.

ఈ కథలో మూడు రకాల కణాలు ముఖ్యం. మొదటివి ధమని లోపలి అంచున ఒకే వరుసగా పరుచుకున్న ఎండోథీలియల్ కణాలు. రక్తానికీ గోడకూ మధ్య ఉండే పొర ఇదే. పొగాకు, అధిక రక్తపోటు వంటివి ఈ పొరను దెబ్బతీసినప్పుడు చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ రేణువులు గోడలోకి చేరి అక్కడే చిక్కుకుంటాయి.

రెండోవి మాక్రోఫేజ్‌లు. ఇవి రోగనిరోధక వ్యవస్థకు చెందిన పారిశుద్ధ్య కణాలు. గోడలో చిక్కుకున్న కొలెస్ట్రాల్‌ను మింగి శుభ్రం చేయడానికి వస్తాయి. మింగిన దాన్ని తిరిగి బయటకు పంపగలిగితే సమస్య ఉండదు. పంపలేకపోతే కొవ్వు బుడగలతో నిండి నురగ కణాలుగా మారి అక్కడే చనిపోతాయి. వాటి చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది.

మూడోవి నునుపు కండర కణాలు. ఇవి ధమని గోడ మధ్య పొరలో ఉండి, నాళం సంకోచించడానికి, సడలడానికి తోడ్పడతాయి. గోడకు గాయమైనప్పుడు ఇవి తమ మామూలు పని మానేసి విభజన చెందుతూ లోపలి పొరకు చేరతాయి. పూడిక లావెక్కడంలో వీటి పాత్ర ఉంది. మరోవైపు పూడిక మీద గట్టి పీచు పొరను కప్పేది కూడా ఇవే. ఆ పొర పలచబడి చిట్లితే లోపలి పదార్థం రక్తాన్ని తాకుతుంది, నిమిషాల్లో రక్తపు గడ్డ కడుతుంది. గుండె ధమనిలో ఇలా జరిగితే గుండెపోటు. మెదడుకు రక్తం అందించే ధమనిలో జరిగితే పక్షవాతం.

ఈ కణాల్లో ఏది ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఆగాలి, ఎంత కొలెస్ట్రాల్‌ను బయటకు పంపాలి అన్నవి కణం లోపల జరిగే నిర్ణయాలు. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు పనిచేసేది సరిగ్గా అక్కడే.

2007: రెండు బృందాలు, ఒకే చిరునామా

మనిషి జన్యుక్రమంలో దాదాపు 300 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. ఒకరికీ మరొకరికీ మధ్య లక్షలాది చోట్ల ఒక్కో అక్షరం తేడా ఉంటుంది. గుండె ధమనుల వ్యాధి ఉన్నవారిలో, లేనివారిలో ఈ తేడాలను పోల్చి చూస్తే ఏ తేడా రోగుల్లో ఎక్కువగా కనిపిస్తుందో తెలుస్తుంది. 2007లో కెనడాలోని ఒట్టావా నుంచి రూత్ మెక్‌ఫెర్సన్ బృందం, ఐస్‌లాండ్ నుంచి అన్నా హెల్గాడోటిర్ బృందం విడివిడిగా ఈ పని చేశాయి. రెండు బృందాలూ ఒకే చోటికి చేరాయి. అది తొమ్మిదో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద 9పీ21 అనే ప్రాంతం. అదే ఏడాది బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం కూడా ఆ చోటునే చూపింది.

కెనడా బృందం గుర్తించిన ముప్పు భాగం సుమారు 58,000 అక్షరాల నిడివి ఉంది. యూరోపియన్ మూలాలున్నవారిలో 20 నుంచి 25 శాతం మంది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ముప్పు ప్రతులూ పొందారని, ప్రతి ఒక్కటీ లేనివారితో పోలిస్తే వారికి గుండె ధమనుల వ్యాధి ముప్పు సుమారు 30 నుంచి 40 శాతం ఎక్కువని ఆ బృందం లెక్కగట్టింది. ఐస్‌లాండ్ బృందం లెక్క ప్రకారం రెండు ప్రతులున్నవారికి గుండెపోటు ముప్పు 1.64 రెట్లు. చిన్న వయసులో వచ్చే గుండెపోటు విషయంలో అది దాదాపు రెండు రెట్లు.

తర్వాత ఇతర దేశాల్లో, భారతీయుల్లో జరిగిన అధ్యయనాల్లోనూ ఈ సంబంధం కనిపించింది. ఆఫ్రికా మూలాలున్నవారిలో మాత్రం ఇది బలంగా కనిపించలేదు. అరుదైన జన్యులోపం మాట కాదిది. ఎంతోమంది సాధారణ వ్యక్తులు మోస్తున్న తేడా. ముప్పు ప్రతి ఒక్కొక్కరికి కలిగించే నష్టం కొంచెమే. మోసేవారు కోట్లలో ఉన్నారు కాబట్టి సమాజం మొత్తం మీద చూస్తే ఆ భారం చాలా పెద్దది.

పరిశోధకులను ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. ఆ 58,000 అక్షరాల్లో ప్రోటీన్ తయారీకి సూచనలిచ్చే జన్యువు లేదు. ఇలాంటి ప్రాంతాలను జన్యు ఎడారులు అంటారు. కాస్త పక్కన సీడీకేఎన్2ఏ, సీడీకేఎన్2బీ అనే రెండు జన్యువులున్నాయి. వీటి నుంచి తయారయ్యే పీ16, పీ15 వంటి ప్రోటీన్లు కణ విభజనకు బ్రేకుల్లా పనిచేస్తాయి. ఈ బ్రేకులు పోతే క్యాన్సర్ రావచ్చని అప్పటికే తెలుసు.

క్యాన్సర్ పరిశోధన నుంచే తర్వాతి ఆధారం దొరికింది. చర్మ క్యాన్సర్, నాడీవ్యవస్థ కణితులు వంశపారంపర్యంగా వస్తున్న ఒక కుటుంబాన్ని పరిశీలించిన ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2007లోనే ఇదే ప్రాంతంలో కొత్త ఆర్‌ఎన్‌ఏ జన్యువును గుర్తించి, దానికి యాన్రిల్ అని పేరు పెట్టారు. ఎడారి అనుకున్న 58,000 అక్షరాల భాగం ఈ యాన్రిల్ జన్యువు చివరి భాగంతో కలిసిపోయి ఉందని తేలింది.

ఇటుక కాదు, మేస్త్రి

పాఠశాల పాఠాల్లో చదివే వరుస ఇది. డీఎన్‌ఏలోని జన్యువు నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారవుతుంది. రైబోజోమ్ ఆ ప్రతిని చదివి ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఈ లెక్కన ఆర్‌ఎన్‌ఏ పని కబురు మోయడమే. కానీ మనిషి డీఎన్‌ఏలో ప్రోటీన్‌కు నేరుగా సూచనలిచ్చే భాగం రెండు శాతం కూడా ఉండదు. అలాంటి జన్యువులు సుమారు 20,000. మిగతా డీఎన్‌ఏ నుంచి కూడా కణం పెద్ద ఎత్తున ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తీస్తుంది. వాటిలో 200 అక్షరాలకు మించి పొడవుండి, ప్రోటీన్‌గా మారని వాటిని పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అంటారు.

ఇల్లు కట్టే చోట ఇటుకలూ ఉంటాయి, మేస్త్రీ ఉంటాడు. మేస్త్రి గోడలో భాగం కాడు. కానీ ఏ ఇటుక ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి అని చెప్పేది అతనే. ప్రోటీన్లు ఇటుకలైతే, ఈ ఆర్‌ఎన్‌ఏలలో కొన్ని మేస్త్రి పని చేస్తాయి. కొన్ని కొన్ని ప్రోటీన్లను వెంటబెట్టుకుని ఫలానా జన్యువు దగ్గరకు తీసుకెళ్లి దాన్ని మూయిస్తాయి. కొన్ని తెరిపిస్తాయి. మరికొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలను స్పాంజిలా పట్టేసుకుని వాటి పని సాగకుండా చేస్తాయి. స్త్రీల కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకదాన్ని దాదాపు పూర్తిగా నిశ్శబ్దం చేసే ఎక్సిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. దాన్ని 1991లో గుర్తించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులు వేల సంఖ్యలో జాబితాకెక్కినా, వాటిలో పని స్పష్టంగా రుజువైనవి కొన్నే. మిగతావాటిలో కొన్ని కణం యథాలాపంగా తీసిన, పనిలేని ప్రతులు కూడా కావచ్చు. ఏదైనా ఆర్‌ఎన్‌ఏ రోగుల్లో ఎక్కువగా కనిపించినంత మాత్రాన వ్యాధికి అదే కారణమని చెప్పలేం. దాన్ని తగ్గించి, పెంచి, ఫలితం మారుతుందో లేదో చూడాలి.

యాన్రిల్‌కు రెండు రూపాలు

యాన్రిల్ ఒకే రూపంలో ఉండదు. ఒకే జన్యువు నుంచి ముక్కలను వేర్వేరు విధాలుగా అతికించి కణం దాని రకరకాల రూపాలను తయారుచేస్తుంది. వాటిలో రెండు తరహాలు ముఖ్యమైనవి. ఒకటి పోగులా సాగిన రూపం, రెండోది రెండు కొసలూ కలిసి ఉంగరంలా చుట్టుకున్న రూపం.

పోగు రూపంలోని యాన్రిల్ పాలీకోంబ్ అనే ప్రోటీన్ల బృందంతో జతకడుతుందని 2010, 2011లలో వచ్చిన అధ్యయనాలు చూపాయి. జన్యువులను మూసి ఉంచడం పాలీకోంబ్ బృందం పని. యాన్రిల్ ఆ బృందాన్ని పక్కనే ఉన్న బ్రేకు జన్యువుల దగ్గరకు చేర్చినప్పుడు పీ15, పీ16 తయారీ తగ్గుతుంది. బ్రేకు వదులైతే కణాలు విభజన చెందుతాయి. ధమని గోడలో అలా జరిగితే పూడిక పెరగడానికి దారి ఏర్పడుతుంది.

ఉంగరం రూపం కథ దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. జర్మనీ శాస్త్రవేత్తలు లెస్కా హోల్ట్, డేనియల్ టాయిప్సర్ బృందం 2016లో దీన్ని వివరించింది. వలయాకారపు యాన్రిల్ పెస్1 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రైబోజోములు తయారు కావడానికి ఆ ప్రోటీన్ కావాలి. అది చిక్కుకుపోయేసరికి రైబోజోముల తయారీ కుంటుపడుతుంది. కణంలో ఒత్తిడి పెరిగి పీ53 అనే రక్షణ ప్రోటీన్ మేల్కొంటుంది. ఫలితంగా మితిమీరి పెరగాల్సిన కణం విభజన ఆపేస్తుంది, లేదా తనంతట తాను చనిపోతుంది. 9పీ21లో రక్షణనిచ్చే రకం డీఎన్‌ఏ ఉన్నవారిలో ఈ వలయ రూపం ఎక్కువగా ఉన్నట్టు కూడా ఆ బృందం గమనించింది.

అంటే ఒకే జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ ఒక రూపంలో ముప్పు వైపు, మరో రూపంలో రక్షణ వైపు మొగ్గుతోంది. ఇలాంటి చోట యాన్రిల్ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ రూపం, ఏ కణంలో, ఎంత మోతాదులో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఎలుకలో దొరకని జవాబు

ముప్పు భాగాన్ని తీసేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలో 9పీ21కు సరిపోలే 70,000 అక్షరాల ప్రాంతాన్ని తొలగించి చూశారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఆ ఎలుకల గుండెలో బ్రేకు జన్యువుల పని బాగా తగ్గింది. ధమని నునుపు కండర కణాలు ఎక్కువగా విభజన చెందాయి. కానీ ధమనుల్లో కొవ్వు పూడిక మాత్రం పెరగలేదు. జవాబు సగమే దొరికింది.

కారణం లేకపోలేదు. ప్రోటీన్ల సూచనలు ఎలుకకూ మనిషికీ మధ్య చాలావరకు ఒకేలా ఉంటాయి. పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అలా ఉండవు. పరిణామక్రమంలో వాటి అక్షరాలు త్వరత్వరగా మారిపోతాయి. మనిషి యాన్రిల్‌కు అచ్చంగా సరిపోలే ఆర్‌ఎన్‌ఏ ఎలుకలో లేదు. మనిషికే పరిమితమైన వ్యాధి కారణాన్ని ఎలుకలో వెతకడానికి హద్దులున్నాయి.

అందువల్ల మనిషి కణాలనే ఆశ్రయించాల్సి వచ్చింది. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన క్రిస్టిన్ బాల్డ్విన్, వాలెంటీనా లో సార్దో తదితరులు ముప్పు ప్రతులున్న వ్యక్తుల నుంచి, లేని వ్యక్తుల నుంచి కణాలు తీసుకుని వాటిని మూలకణాలుగా మార్చారు. ఆ మూలకణాల నుంచి ధమని నునుపు కండర కణాలను పెంచారు. ముప్పు రకం కణాలు సరిగా సంకోచించలేకపోయాయి, ఆధారాన్ని గట్టిగా అంటిపెట్టుకోలేకపోయాయి. జన్యు సవరణతో 9పీ21 ముప్పు భాగాన్ని పూర్తిగా కత్తిరించినప్పుడు ఆ కణాలు మామూలు స్థితికి వచ్చాయి. దీనికి ఎదురు పరీక్ష కూడా చేశారు. ముప్పు లేని కణాల్లోకి యాన్రిల్‌ను చేర్చగానే అవి ముప్పు రకం కణాల్లా ప్రవర్తించాయి. 2018లో సెల్ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం ముప్పు భాగానికీ, యాన్రిల్‌కూ, ధమని గోడ బలహీనతకూ మధ్య ఉన్న లంకెను మనిషి కణాల్లోనే చూపింది.

ఇంతటితో కథ పూర్తి కాలేదు. 9పీ21 ప్రాంతంలో జన్యువుల పనిని పెంచే ఎన్‌హాన్సర్ అనే స్విచ్చులు 33 ఉన్నాయని 2011లో మరో బృందం గుర్తించింది. ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలకు అవి స్పందిస్తాయని కూడా తెలిసింది. ముప్పులో యాన్రిల్ వాటా ఎంత, ఈ స్విచ్చుల వాటా ఎంత అన్నది ఇంకా తేలాల్సి ఉంది.

మిగతా కణాల్లో మిగతా ఆర్‌ఎన్‌ఏలు

యాన్రిల్ దారి చూపాక ధమని గోడలోని ఇతర కణాల్లోనూ ఇలాంటి ఆర్‌ఎన్‌ఏల కోసం వెతుకులాట మొదలైంది.

మాక్రోఫేజ్‌ల విషయమే చూద్దాం. మింగిన కొలెస్ట్రాల్‌ను బయటకు పంపడానికి వాటికి ఏబీసీఏ1 అనే ప్రోటీన్ కావాలి. దీన్ని కొలెస్ట్రాల్‌ను తోడిపోసే మోటారు అనుకోవచ్చు. ఆ మోటారు జన్యువును పనిచేయించడంలో మెక్సిస్ అనే ఆర్‌ఎన్‌ఏ తోడ్పడుతుందని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2018లో చూపారు. రోగనిరోధక కణాల్లో మెక్సిస్ లేని ఎలుకల ధమనుల్లో పూడిక త్వరగా పెరిగింది. మరుసటి ఏడాది న్యూయార్క్ శాస్త్రవేత్తలు క్రోమ్ అనే ఆర్‌ఎన్‌ఏ గురించి వెల్లడించారు. ఇది మనిషితో సహా ప్రైమేట్లలో మాత్రమే ఉంటుంది. కొలెస్ట్రాల్ బయటకు పోకుండా అడ్డుపడే కొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏలను పట్టి ఉంచి ఏబీసీఏ1కు దారి సుగమం చేస్తుంది. గుండె ధమనుల వ్యాధి ఉన్నవారి రక్తంలోనూ, పూడికల్లోనూ దీని మోతాదు పెరిగి ఉంది. పెరిగిన కొలెస్ట్రాల్‌ను తట్టుకోవడానికి శరీరం చేసే ప్రయత్నంలో అది భాగం కావచ్చు. రోగుల్లో ఎక్కువగా కనిపించిన ప్రతిదీ దోషి కాదనడానికి ఇదొక ఉదాహరణ.

నునుపు కండర కణాల్లో స్మైలర్ అనే ఆర్‌ఎన్‌ఏను ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2016లో గుర్తించారు. ఇన్‌ఫ్లమేషన్, గాయం సంకేతాలు అందగానే ఇది పెరుగుతుంది, కణాల విభజనను వేగవంతం చేస్తుంది. దాన్ని తగ్గిస్తే విభజన కూడా తగ్గింది. బైపాస్ శస్త్రచికిత్సలో కాలి సిరను తీసి గుండెకు అమరుస్తారు. కొంతకాలానికి ఆ సిర గోడలో కండర కణాలు పెరిగి అదీ ఇరుకు కావచ్చు. స్మైలర్‌ను అదుపు చేయగలిగితే అమర్చిన సిర ఎక్కువ కాలం తెరిచి ఉంటుందేమోనన్న ఆశ ఇక్కడి నుంచే పుట్టింది.

లోపలి అంచున ఉండే ఎండోథీలియల్ కణాల్లో మాలాట్1 అనే ఆర్‌ఎన్‌ఏ సమృద్ధిగా ఉంటుంది. దీన్ని మొదట 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధనలో గుర్తించారు. ఈ కణాలు విభజన చెందాలా, కదలాలా అన్న తూకాన్ని ఇది ప్రభావితం చేస్తుందని 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. రోగనిరోధక కణాల్లో మాలాట్1 లోపించిన ఎలుకల్లో ధమనుల పూడిక పెరిగినట్టు తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

పరీక్ష, మందు ఎంతవరకు వచ్చాయి?

ఇంత తెలిశాక రెండు ప్రశ్నలు సహజం. 9పీ21 పరీక్ష చేయించుకుంటే ఉపయోగం ఉంటుందా? ఈ ఆర్‌ఎన్‌ఏలను అదుపు చేసే మందు వస్తుందా?

మొదటి ప్రశ్నకు అమెరికాలో 22,000 మందికి పైగా శ్వేతజాతి మహిళలపై జరిగిన అధ్యయనం 2009లో సూటిగా జవాబిచ్చింది. వయసు, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగాకు వంటి మామూలు అంశాలతో వేసే అంచనాకు 9పీ21 సమాచారాన్ని జోడించినా అంచనా మెరుగుపడలేదు. ఒక్క చోటి తేడా ముప్పును స్వల్పంగానే పెంచుతుంది కాబట్టి ఇందులో వింత లేదు. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఎన్నో చోట్ల తేడాలను కలిపి లెక్కించే పాలీజెనిక్ స్కోరు వైపు మళ్లారు. అందులో 9పీ21 ఒక భాగం. అయితే ఈ స్కోర్లు ఎక్కువగా యూరోపియన్ మూలాలున్నవారి సమాచారంతో తయారైనవి. వాటిని యథాతథంగా మనకు వాడితే అంచనా తప్పవచ్చు. దేశంలోని వేర్వేరు సమూహాలకు చెందిన 10,000 మంది జన్యుక్రమాన్ని నమోదు చేసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు ప్రాధాన్యం ఇక్కడే ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా పాల్గొన్న ఈ ప్రాజెక్టు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

మందు విషయానికొస్తే, ఆర్‌ఎన్‌ఏను గురిపెట్టే చికిత్స గుండె వైద్యంలోకి ఇప్పటికే వచ్చింది. ఇంక్లిసిరాన్ అనే ఇంజెక్షన్ కాలేయంలో పీసీఎస్‌కే9 ప్రోటీన్‌కు సంబంధించిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తుంది. మొదటి రెండు మోతాదుల తర్వాత ఆరు నెలలకోసారి తీసుకుంటే ఎల్‌డీఎల్ సుమారు సగానికి తగ్గుతుంది. దీనికి ఐరోపాలో 2020లో అనుమతి లభించింది. కానీ అది గురిపెట్టేది ప్రోటీన్ కబురు మోసే మామూలు ఆర్‌ఎన్‌ఏను. యాన్రిల్, స్మైలర్ వంటి వాటిని గురిపెట్టి ధమనుల పూడికకు వాడే మందు ఇంకా ఆస్పత్రులకు చేరలేదు.

అడ్డంకులు స్పష్టంగానే ఉన్నాయి. కాలేయ కణాలకు మందు చేర్చే పద్ధతి దొరికింది గానీ, ధమని గోడలోని ఫలానా కణాలకే చేర్చడం ఇంకా కష్టమే. ఎలుకల్లో చాలా ఆర్‌ఎన్‌ఏలకు సరిజోడు లేదు కాబట్టి ముందస్తు పరీక్షలు కష్టం. అన్నింటికన్నా పెద్దది క్యాన్సర్ భయం. యాన్రిల్ కణ విభజన బ్రేకుల పక్కనే పనిచేస్తుంది. ధమని కోసం దాన్ని కదిలిస్తే మరో అవయవంలో బ్రేకు వదులయ్యే ప్రమాదం లేకుండా చూడాలి.

ముప్పు వేరు, రాత వేరు

మొదట అడిగిన ప్రశ్నకు మళ్లీ వద్దాం. తండ్రికి, తాతకు గుండెపోటు వచ్చిన ఇంట్లో పిల్లల సంగతేమిటి?

ముందు అంకెలను సరిగా అర్థం చేసుకోవాలి. ఒక వయసువారిలో పదేళ్లలో 100 మందిలో 10 మందికి గుండె ధమనుల వ్యాధి వస్తుందనుకుందాం. ముప్పు 30 శాతం పెరిగిందంటే 10 కాస్తా 13 అవుతుంది. అంతేగానీ 40 కాదు. రెండు ముప్పు ప్రతులున్నా 87 మందికి ఆ పదేళ్లలో వ్యాధి రాదు. అలాగే ముప్పు ప్రతి ఒక్కటీ లేనివారికి కూడా పూర్తి రక్షణ ఉన్నట్టు కాదు.

రెండోది, పుట్టుకతో వచ్చిన ముప్పు జీవన విధానాన్ని బట్టి మారుతుంది. ఇంటర్‌హార్ట్‌లోని దక్షిణాసియావారితో సహా ఐదు ప్రాంతాల మూలాలున్న 8,000 మందికి పైగా సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. పచ్చి కూరగాయలు, పండ్లు తక్కువగా తినేవారిలో 9పీ21 ముప్పు బలంగా కనిపించింది. అవి బాగా తినేవారిలో ఆ ప్రభావం చాలావరకు తగ్గిపోయింది. ఆహారమే దీనికి కారణమని ఒక్క అధ్యయనంతో తీర్మానించలేం గానీ, దీనికి తోడు నిలిచే ఆధారం ఉంది. 2016లో 55,000 మందికి పైగా వ్యక్తుల సమాచారంతో వచ్చిన మరో అధ్యయనంలో, జన్యుపరంగా ఎక్కువ ముప్పు ఉన్నవారిలోనే మంచి జీవన విధానం పాటించినవారికి పాటించనివారికన్నా గుండె ధమనుల వ్యాధి ముప్పు 46 శాతం తక్కువగా ఉంది. పొగ తాగకపోవడం, ఊబకాయం లేకపోవడం, క్రమం తప్పని వ్యాయామం, మంచి ఆహారం అనే నాలుగింటిలో కనీసం మూడు ఉండటాన్నే ఆ అధ్యయనం మంచి జీవన విధానంగా లెక్కించింది.

అందువల్ల తల్లిదండ్రులకో, తోబుట్టువులకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పడం ఏ జన్యు పరీక్షకన్నా ముందు చేయాల్సిన పని. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు మిగతావారికన్నా ముందే మొదలుపెట్టాలో లేదో వారే నిర్ణయిస్తారు. 9పీ21 ముప్పు కొలెస్ట్రాల్ దారిలో రాకపోయినా, కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తే మొత్తం ముప్పు తగ్గుతుంది. ఎందుకంటే పూడికకు కావాల్సిన ముడిసరుకు చివరికి అదే.

యాన్రిల్ పరిశోధన నేర్పిన పాఠం కూడా ఇలాంటిదే. ఎడారి అనుకున్న చోట పనిచేసే ఆర్‌ఎన్‌ఏ దొరికింది. ఒకే ఆర్‌ఎన్‌ఏ ఒక రూపంలో ముప్పును, మరో రూపంలో రక్షణను మోస్తుందని తెలిసింది. ఆ తూకాన్ని సరిచేసే మందు కోసం ప్రయోగశాలల్లో పని సాగుతోంది. అది వచ్చేలోపు, తూకాన్ని మనవైపు కొంత మొగ్గించే పనులు వంటింట్లోనూ, నడిచే దారిలోనూ, పొగాకు మానేయాలనే నిర్ణయంలోనూ ఉన్నాయి.